కారులో కంప్యూటరు.. ఆ ఒక్క తీగతో జాగ్రత్త!

* వాహనం కదులుతుండగా వీడియో చూస్తే ముప్పు
* బిగింపులో నిర్లక్ష్యంతో షార్టు సర్క్యూట్ భయం

నరసరావుపేట: పెళ్లి ప్రయాణమైనా, తిరుమల యాత్ర అయినా కారులో పాటలు లేనిదే బండి కదలడం లేదు. క్యాసెట్లు, సీడీల కాలం గడిచిపోయి పాటలు, సినిమాలు, దారి చూపే మ్యాపు అన్నింటినీ ఒకే తెరపై అందించే కంప్యూటర్లు డ్యాష్‌బోర్డులోకి చేరాయి. కొత్త కార్లు అనేకం తెరతోనే వస్తుండగా, పాత కార్ల యజమానులు పట్టణాల్లోని కారు యాక్సెసరీస్ దుకాణాల్లో వీటిని బిగించుకుంటున్నారు. వినోదం కోసం పెట్టుకున్న ఈ పరికరం బిగింపులో జరిగే చిన్న నిర్లక్ష్యం కారణంగా ప్రాణాల మీదికి తెచ్చే ప్రమాదం ఉంది.

ఆ పెట్టెలో ఏముంటుంది?

2001లో తైవాన్‌కు చెందిన వయా సంస్థ పొడవు, వెడల్పు 17 సెంటీమీటర్లు మాత్రమే ఉండే ‘మినీ ఐటీఎక్స్’ మదర్‌బోర్డు నమూనాను ప్రవేశపెట్టింది. ఔత్సాహికులు అటువంటి బోర్డులతో చిన్న కంప్యూటర్లను తయారుచేసి సీటు కిందో, డిక్కీలోనో అమర్చి, ముందు భాగంలో 7 అంగుళాల టచ్‌స్క్రీన్ పెట్టుకునేవారు. తర్వాతి కాలంలో ప్రాసెసర్, మెమరీ, ఆండ్రాయిడ్ వ్యవస్థ అన్నీ కారు స్టీరియోలోనే ఇమిడిపోయాయి. 2014లో యాపిల్ సంస్థ ‘కార్‌ప్లే’ను, గూగుల్ ‘ఆండ్రాయిడ్ ఆటో’ను ప్రకటించడంతో చేతిలోని ఫోనునే కారు తెరకు అనుసంధానించే వెసులుబాటు కలిగింది. వీటిలో అధిక భాగం డ్యాష్‌బోర్డులో సుమారు 18 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు గల ‘డబుల్ డిన్’ ఖాళీలో ఇముడుతాయి.

విద్యుత్తే కీలకం

ఇంటి కంప్యూటరుకు 230 వోల్టుల విద్యుత్తు అవసరం కాగా, కారులో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. అదీ నిలకడగా ఉండదు. ఇంజిను నడుస్తున్నప్పుడు 14 వోల్టుల వరకు పెరుగుతుంది. సెల్ఫ్ కొట్టిన క్షణంలో 10 వోల్టుల దిగువకు పడిపోవచ్చు. ఆ తగ్గుదలను తట్టుకోలేని కంప్యూటరు ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. అందువల్ల ఇంటి కంప్యూటరు వంటి దానిని అమర్చుకునేవారు వాహనాల కోసం తయారైన డీసీ పవర్ సప్లైని వాడవలసి ఉంటుంది. తాళం తీసిన వెంటనే కరెంటు కోయకుండా, కంప్యూటరు సక్రమంగా మూతపడే వరకు అది ఆగుతుంది.

ఆండ్రాయిడ్ స్టీరియోకు సాధారణంగా మూడు ముఖ్యమైన తీగలు వస్తాయి. పసుపు తీగ బ్యాటరీ నుంచి నిరంతరం విద్యుత్తును అందిస్తుంది. ఎరుపు తీగ తాళం తిప్పినప్పుడే పనిచేస్తుంది. నలుపు తీగ ఎర్తు. పసుపు, ఎరుపు తీగలను ఒకటిగా కలిపితే తాళం తీసినా తెర ఆరదు. చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. 60 వాట్ల పరికరం గంటకు 5 ఆంపియర్ అవర్ చొప్పున తోడేస్తే, లెక్క ప్రకారం 7 గంటల్లో బ్యాటరీ పూర్తిగా ఖాళీ అవుతుంది. అంతకు చాలా ముందే సెల్ఫ్ తీసుకోవడం మానేస్తుంది.

హ్యాండ్‌బ్రేకు తీగే రక్షణ

వీడియో సౌకర్యం ఉన్న స్టీరియోలు అనేకం మరో సన్నని తీగతో వస్తాయి. దానిని హ్యాండ్‌బ్రేకు స్విచ్చికి కలపాలి. బ్రేకు వేసి బండి నిలిపినప్పుడే ముందు తెరపై వీడియో కనిపించాలన్నది దాని ఉద్దేశం. కొన్నిచోట్ల యజమానుల కోరికపై ఆ తీగను నేరుగా ఎర్తుకు కలిపేస్తున్నారు. దీంతో హ్యాండ్‌బ్రేకు వేసే ఉందని స్టీరియో భ్రమపడి, బండి పరుగెడుతున్నా బొమ్మ ఆడుతూనే ఉంటుంది.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు ముందుకు దూసుకుపోతుంది. డ్రైవరు రెండు సెకన్లు తెర వైపు చూస్తే 44 మీటర్ల దూరం రోడ్డు చూడకుండా నడిపినట్లే. గేదెలు, ధాన్యం ట్రాక్టర్లు, ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనాలు ఉండే పల్లె రహదారులపై ఆ దూరం చాలా ఎక్కువ.

వాహనం నడుపుతూ డ్రైవరు వీడియోలు చూడరాదని కేంద్రం 2017లో తెచ్చిన డ్రైవింగ్ నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి. దారి తెలుసుకునేందుకు మ్యాపు చూడటానికి మాత్రమే మినహాయింపు ఉంది. ప్రమాదకరంగా నడిపినట్లు తేలితే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం మొదటి తప్పుకు రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు లేదా రెండూ విధించవచ్చు. పిల్లలకు సినిమా చూపాలనుకుంటే ముందు సీటు వెనుక భాగంలో, డ్రైవరుకు కనిపించని విధంగా వేరే తెర అమర్చుకోవడం మేలు.

ఎండతోనూ ముప్పే

రెంటచింతల వంటి చోట్ల వేసవిలో ఎండ ఎంత తీవ్రంగా ఉంటుందో తెలిసిందే. ఆ ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల వేడి బయటికంటే ఎంతో అధికంగా ఉంటుంది. గాలి ఆడని చోట బిగించిన కంప్యూటరు త్వరగా పాడవుతుంది. లోపల తిరిగే పళ్లెం ఉండే హార్డ్ డిస్కు గతుకుల రోడ్ల కుదుపులకు చెడిపోతుంది. పాటలు, సినిమాలను మెమరీ కార్డులోగాని, ఎస్‌ఎస్‌డీలోగాని భద్రపరచుకోవాలి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* కారు తీగలను కోసి అతుకులు వేయనీయరాదు. ఆ మోడలుకు సరిపోయే కప్లరుతోనే కలపాలి.
* బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగితే బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు ఉండాలి. ఆ తీగ మోయగల కరెంటుకు మించిన ఫ్యూజు వేయరాదు. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే కారణం వెతకాలే తప్ప పెద్దది వేయకూడదు.
* ఎయిర్‌బ్యాగు తెరుచుకునే చోట తెరగాని, స్టాండుగాని పెట్టరాదు.
* విద్యుత్తు కార్లలోని నారింజ రంగు తీగల్లో అధిక వోల్టేజీ ప్రవహిస్తుంది. వాటిని ముట్టుకోరాదు.
* వారంటీపై ప్రభావం ఉంటుందేమో షోరూములో ముందే అడిగి తెలుసుకోవాలి. పరికరానికి, బిగింపునకు బిల్లు తీసుకోవాలి.
* బిగింపు పూర్తయ్యాక దుకాణం వద్దే హ్యాండ్‌బ్రేకు దించి చూడాలి. ముందు తెరపై వీడియో ఆగకపోతే ఆ తీగను సరిచేయించిన తరువాతే బండి బయటికి తీయాలి.