అగ్నియు, ఛాయయు

అంగారకుని చేరగోరు మానవునకు దారిలో శత్రువులు రెండు: కాలము, కాస్మిక్ కిరణములు. ఈ రెండును తోడుదొంగలు. ప్రయాణము సాగినకొలది శరీరమును సోకు కిరణముల మొత్తము పెరుగును. 2011 నవంబరులో బయలుదేరి 2012 ఆగస్టులో అంగారకునిపై దిగిన "క్యూరియాసిటీ" నౌకలోని పరికరము దారిలో వీనిని కొలిచినది. రోజునకు సుమారు 1.8 మిల్లీసీవర్టులు! భూమిపై ప్రకృతి సహజముగా మనుజునకు ఏడాది పొడుగున సోకునది సగటున 2.4 మాత్రమే.

ఈ కిరణములు అన్ని దిక్కుల నుండి వచ్చును. లోహపు గోడలతో వీనిని పూర్తిగా ఆపుట దుస్సాధ్యము. గోడను తాకినప్పుడు క్రొత్త కణములు కూడ పుట్టును. కనుక త్వరగా గమ్యము చేరుటయే ముఖ్యమైన రక్షలలో ఒకటి.

ఆ త్వరకై వెదకిన మార్గమే పరమాణు రాకెట్టు. అమెరికాలో 1955లో "రోవర్" పథకము ఆరంభమైనది. 1959లో నెవాడా ఎడారియందు తొలి రియాక్టరును పరీక్షించిరి. దానికి "కివీ" యని ఎగురలేని పక్షి పేరు పెట్టిరి; అది నేలపై పరీక్షకే గాని ఎగురుటకు కాదు. ఇందు మంట లేదు. యురేనియము విచ్ఛేదనముచే కాగిన రియాక్టరు గుండ ద్రవ ఉదజని ప్రవహించి, వాయువై, రెండువేల డిగ్రీల వేడితో వెలువడును. వాయువులలో మిక్కిలి తేలికయైనది గనుక దాని వేగము అధికము. రసాయనిక రాకెట్టుతో పోల్చిన, కిలో ఇంధనమునకు లభించు ప్రేరణ దాదాపు రెండింతలు.

అయితే ఈ రియాక్టరు తానే గామా కిరణములను, న్యూట్రానులను చిమ్మును. అణువిద్యుత్ కేంద్రము వలె చుట్టును కాంక్రీటు గోడలు కట్టిన, నౌక ఆ బరువును మోయజాలదు. గొడుగు పట్టినవాడు తన తలకు నీడ చూచుకొనునే గాని వీధికెల్ల పందిరి వేయడు గదా! అట్లే రియాక్టరునకును యాత్రికులకును నడుమ మాత్రమే ఒక అడ్డును నిలుపుదురు. ఇదియే "ఛాయా కవచము". గామా కిరణములకు టంగ్‌స్టన్ వంటి భారలోహము, న్యూట్రానులకు ఉదజని గల లిథియము హైడ్రైడు ఇందు తగును. దూరమును కవచమే: అది రెండింతలైన, తాకిడి నాలుగవ వంతగును. నడుమనున్న ఉదజని తొట్టియు కొంత కాపాడును. కాని ఇంధనము తరిగినకొలది ఆ రక్షయు తరుగును.

ఈ కవచము రియాక్టరు కిరణములను అడ్డగించును గాని, కాస్మిక్ కిరణములకు అడ్డు కాదు. వాని నుండి యాత్రికుని త్వరగా దాటింపవలసినది, అతడు వెనుక దాచుకొన్న ఆ అగ్నియే. 1969లో ఇంజను నేలపై పలుమార్లు జయప్రదముగా నడచినది. అయినను నిధులు కరవై, ఒక్కమారైనను ఎగురకయే, ఆ పథకము 1973లో ముగిసినది.