నేలనెరిగి బంతి

"అదనెరిగి సేద్యము, పదనెరిగి పైరు" అని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట వ్యవసాయమునకే కాదు, క్రికెట్టు ఆటకు కూడ వర్తించును. నేల పదును తెలియక విత్తిన రైతు ఎట్లు నష్టపోవునో, నేల స్వభావము తెలియక బంతిని ఎన్నుకొన్న జట్టును అట్లే నష్టపోవును. ఈ సత్యమును మేము పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. పోచారములో ఒక యువకుని కనుబొమ్మపై పడిన కుట్లను చూచి తెలిసికొంటిమి.

పోచారములో జరిగినది

కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలములోని పోచారము జలాశయము, మంజీరలో కలియు ఒక వాగునకు అడ్డముగా 1916–1922 సంవత్సరముల మధ్య నిజాము కాలమున నిర్మింపబడినది. కట్ట క్రింది ఆయకట్టులో యాసంగి వరి కోతలు ముగిసిన పిమ్మట పొలములు కొన్ని వారములపాటు ఖాళీగా నుండును. ఆ కొద్ది కాలము చుట్టుప్రక్కల యువకులకు అవియే క్రీడారంగములు.

ఒక వేసవిలో వారి ఆహ్వానముపై మా కళాశాల జట్టు అచ్చటికి వెళ్ళినది. తలా కొంత చందా వేసికొని మేము ఒక కొత్త ఎర్రని తోలు బంతిని కొని తీసికొని పోతిమి. వారు రెండు టెన్నిస్ బంతులు తెచ్చిరి. టెన్నిస్ బంతి పిల్లల ఆటకు గాని కళాశాల జట్టునకు తగదని మేము నవ్వితిమి. అతిథుల మాట కాదనలేక వారు ఒప్పుకొనిరి.

అది వరి కొయ్యకాళ్ళను పారతో చెక్కి చదును చేసిన నల్లరేగడి మడి. ఎండకు నెర్రెలు విచ్చి యుండెను. మూడవ ఓవరులో మా బౌలరు వేసిన బంతి ఒక నెర్రె అంచున పడి నిలువున లేచి, బ్యాట్స్‌మన్ కనుబొమ్మను చీల్చినది. అతని తలపై హెల్మెట్టు లేదు. మేమును ఒకటి తీసికొని పోలేదు. అదృష్టవశమున కన్ను దక్కినది. ఆట అంతటితో నిలిచిపోయినది. తిరుగు ప్రయాణములో సంచిలోని బంతిని తీసి చూడగా, మూడు ఓవరులకే మెరుగు పోయి తోలు గీతలు పడి యున్నది. తప్పు బౌలరుది కాదు, నేలది కాదు. బంతిని ఎన్నుకొన్న మాది. నాటినుండి బంతులను గూర్చి మేము తెలిసికొన్న విషయములను తోటి విద్యార్థుల ముందు ఉంచుచున్నాము.

బంతి లోపల ఏమున్నది?

నియమముల ప్రకారము పురుషుల ఆటకు వాడు తోలు బంతి బరువు 155.9 గ్రాములనుండి 163 గ్రాముల వరకు, చుట్టుకొలత 22.4 సెంటీమీటర్లనుండి 22.9 సెంటీమీటర్ల వరకు ఉండవలెను. మహిళల బంతియు, బాలుర బంతియు ఇంతకంటె తేలికగా నుండును. లోపల బెండు, దానిపై బిగించి చుట్టిన దారము, ఆపై తోలు. రెండు తోలు ముక్కలతో చేసినది చవక బంతి, నాలుగు ముక్కలతో చేసినది మేలు బంతి. ఈ ముక్కలను కలుపు కుట్టు బంతి నడుమ ఉబ్బెత్తుగా నిలిచి యుండును. బౌలరునకు ఆయుధము ఆ కుట్టే.

మన దేశపు టెస్టు ఆటలలో మీరట్‌లో తయారగు ఎస్.జి. బంతిని వాడుదురు. దాని కుట్టు చేతితో వేసినది, ఎత్తుగా నుండును. ఇంగ్లండులో వాడు డ్యూక్స్ బంతి కుట్టును చేతితో వేసినదే. దాని మెరుగు చాల సేపు నిలుచును. ఆస్ట్రేలియా వారి కూకబుర్రా బంతికి నడిమి వరుసలు మాత్రమే చేతికుట్టు, ప్రక్క వరుసలు యంత్రపు కుట్టు. కావున ఆ కుట్టు త్వరగా అణగిపోవును.

టెన్నిస్ బంతి బరువు 56 గ్రాములనుండి 59.4 గ్రాముల వరకు మాత్రమే. అనగా తోలు బంతిలో మూడవ వంతు కంటె కొంచెము ఎక్కువ. ఒకే వేగముతో వచ్చినప్పుడు తోలు బంతి దెబ్బలో ఇంచుమించు మూడింతల శక్తి యుండును. తోలు బంతి గట్టిది, టెన్నిస్ బంతి తగిలినప్పుడు అణగునది. పోచారములో మేము మరచిన లెక్క ఇదియే.

ముందు నేల

బంతిని ఎన్నుకొనుటలో మొదటి ప్రశ్న "మా బౌలరు ఎవరు?" అన్నది కాదు, "మా నేల ఎట్టిది?" అన్నది. నల్లరేగడి నేలలో బంకమన్ను ఎక్కువ. నీరు పెట్టి, రోలరుతో అణచి, నీడన ఆరినట్లు ఆరనిచ్చిన రేగడి గట్టిపడి చక్కని పిచ్ అగును. వట్టి ఎండకు ఎండిన రేగడి మాత్రము కుంచించుకొని నెర్రెలు విచ్చును. అట్టి చోట బంతి ఒకసారి పాదముల దగ్గర ప్రాకును, మరియొకసారి ముఖమునకు లేచును. ఎర్రని చెలక నేలలో బంతి బాగుగా లేచును గాని, ఇసుకయు గులకరాళ్ళును తోలును త్వరగా గీరివేయును. అచ్చట మేలు బంతికి డబ్బు పెట్టుట దండుగ; చవక బంతి చాలును.

దీనికి ఒక సులభమైన పరీక్ష కలదు. బంతి పడు చోట పది తావులలో భుజమెత్తు నుండి తోలు బంతిని జారవిడిచి చూడవలెను. పది తావులలోను ఇంచుమించు ఒకే ఎత్తునకు లేచినచో తోలు బంతితో ఆడవచ్చును. ఎత్తులలో తేడా కనబడినచో టెన్నిస్ బంతియే శరణ్యము. హెల్మెట్టు, ప్యాడ్లు, గ్లౌజులు, గార్డు లేనిచోట ఈ పరీక్ష కూడ అక్కరలేదు. తోలు బంతిని సంచినుండి తీయరాదు. బెండు బంతి చవకయే గాని తోలు బంతివలెనే గట్టిది. దానికిని ఇదే నియమము.

పిమ్మట బౌలరు

నేల అనుమతించిన తరువాత బౌలరు శైలిని చూడవలెను. గాలిలో బంతిని మరల్చు బౌలరునకు నిటారైన కుట్టు, ఒక ప్రక్క చెదరని మెరుగు కావలెను. కుట్టు ఉన్న వైపు గాలి అలజడి చెంది బంతిని ఎక్కువ దూరము అంటిపెట్టుకొని పోవును. నునుపు వైపు గాలి ముందే విడిపోవును. అందుచేత కుట్టు ఏ వైపునకు వాలియుండునో బంతి ఆ వైపునకు మరలును. బంతి పాతబడి, వేగము మిక్కుటమైనప్పుడు ఇది తారుమారగును. దానినే రివర్స్ స్వింగ్ అందురు.

స్పిన్నరునకు మెరుగుతో పనిలేదు. వ్రేళ్ళు పట్టుటకు ఎత్తైన కుట్టు, కొంత గరుకుదేలిన తోలు ఉన్నచో చాలును. బంతిని కోసినట్లు వేయు కట్టర్ బౌలరునకు చాప పరచిన పిచ్ మిక్కిలి అనుకూలము, ఏలయనగా చాప నేత కుట్టును పట్టుకొనును. 1952 అక్టోబరులో లక్నోలో జనపనార చాపపై జరిగిన టెస్టులో పాకిస్తాన్ బౌలరు ఫజల్ మహమూద్ 12 వికెట్లు తీసి తన దేశమునకు తొలి టెస్టు విజయము సాధించి పెట్టినాడు. అయితే చాపను నలుదిక్కుల మేకులతో బిగించి కట్టవలెను. సడలిన చాప నెర్రెలకంటె అపాయకరము.

టెన్నిస్ బంతి తేలిక గనుక గాలిలో త్వరగా వేగము కోల్పోవును. నేలపై ఎక్కువ ఎత్తు లేచును. పొట్టిగా వేసినచో బ్యాట్స్‌మన్‌కు విందు. కావున పాదముల చెంత పడు యార్కరు, వేగము మార్చిన బంతి ఇందులో ముఖ్యములు. నూగు అరిగిన పాత టెన్నిస్ బంతి తక్కువ ఎత్తున జారిపోవును. నేరుగా వికెట్లకు వేయువారికి అది అనుకూలము.

తేమ, వెలుతురు

చలికాలపు మంచులో తోలు తడిసి ఉబ్బును, చేతినుండి జారును. అప్పుడు స్పిన్నరునకు కష్టము. తుడుచుటకు పొడి గుడ్డ దగ్గర ఉంచుకొనవలెను. బంతికి ఉమ్మి రాచుట 2022 నుండి అంతర్జాతీయ ఆటలలో పూర్తిగా నిషిద్ధము. చెమట మాత్రము వాడవచ్చును. తడిసిన బంతిని నీడన ఆరబెట్టవలెను గాని ఎండలో గాని నిప్పు చెంత గాని పెట్టరాదు; తోలు పగులును. సంధ్యవేళ ఎర్ర బంతి కంటికి ఆనదు. దీపముల క్రింద తెల్ల బంతియే వాడవలెను.

మన హైదరాబాదు సాక్ష్యము

టెన్నిస్ బంతిని చులకన చేయువారికి మన హైదరాబాదు వాడైన మహమ్మద్ సిరాజ్ చాలిన సమాధానము. ఆటోరిక్షా నడిపిన తండ్రి కుమారుడైన అతడు మొదట టెన్నిస్ బంతితోనే బౌలింగు నేర్చినాడు. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్పు తుది పోటీలో కొత్త తెల్ల బంతితో 21 పరుగులకు 6 వికెట్లు తీయగా శ్రీలంక 50 పరుగులకే కూలినది. 2025 ఆగస్టు 4న లండనులోని ఓవల్ మైదానమున, మబ్బు పట్టిన ఉదయమున, కొత్త బంతి తీసికొను అవకాశము వచ్చినను మన జట్టు పాత డ్యూక్స్ బంతినే కొనసాగించినది. సిరాజ్ ఆ ఇన్నింగ్సులో 5 వికెట్లు తీసినాడు. భారతదేశము 6 పరుగులతో గెలిచినది. ఆనాడు గెలిపించినది కొత్త బంతి కాదు, ఆ వాతావరణమునకు తగిన బంతి.

మరుసటి వేసవిలో మేము మరల పోచారము వెళ్ళితిమి. ఈసారి మా సంచిలో రెండు టెన్నిస్ బంతులు మాత్రమే ఉండెను. కనుబొమ్మపై సన్నని మచ్చ గల ఆ యువకుడే వారి తరఫున మొదట బ్యాటు పట్టినాడు. మా బౌలరు వేసిన మొదటి బంతి అదే రేగడిపై పడి ఊహించని విధముగా లేచి అతని భుజమునకు తగిలినది. అతడు భుజము దులుపుకొని, నవ్వి, మరల నిలబడినాడు. ఆ ఆటలో మేము ఓడితిమి. చీకటి పడువరకు ఆడితిమి.