ఎండల్లో చెట్లు చేసే పని

వేసవి సెలవులకు గోదావరి జిల్లాలకు వచ్చే ప్రవాస కుటుంబాల తిరుగుడు చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. రాజమహేంద్రవరంలో దిగుతారు. మర్నాడు అన్నవరం, ఆ మర్నాడు ద్రాక్షారామం, వీలుంటే అంతర్వేది. దారిలో ధవళేశ్వరం బ్యారేజీ మీద ఒక ఫొటో, ఆత్రేయపురంలో పూతరేకుల పొట్లాలు, బంధువుల ఇళ్ళలో భోజనాలు. కారు అద్దాల అవతల కొబ్బరితోటలు వెనక్కి వెళ్ళిపోతుంటాయి. "ఇంత ఎండలో బయట చూడ్డానికేముందమ్మా" అని ఇంట్లో పెద్దవాళ్ళే పిల్లల్ని లోపల కూర్చోబెడతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. డెల్టాలో చెట్లు కంటికి కనిపించేలా పనిచేసేది ఈ ఎండల్లోనే. ఆ పని చూడాలంటే ఊళ్ళు తిరగనక్కర్లేదు. ఒకచోట నాలుగు రోజులు కుదురుగా ఉండి, ఇక్కడి వేళలు పాటిస్తే చాలు.

ఇక్కడి వేసవికి రెండే వేళలు. తెల్లవారుజాము నుంచి ఎనిమిదింటి దాకా ఒకటి, పొద్దు వాలాక రెండోది. నడిమధ్యాహ్నం వడగాడ్పుకు మనుషులూ పశువులూ నీడపట్టున ఉంటారు. దాళ్వా కోతలు అప్పటికే అయిపోయి ఉంటాయి. కాలువలు కట్టేస్తారు. 1852లో కాటన్ దొర కట్టించిన ఆనకట్టతో మొదలైన ఈ కాలువలకు మరమ్మతులు, పూడికతీత జరిగేది నీళ్ళు లేని ఈ రోజుల్లోనే. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేదాకా రైతుకు కాస్త తీరుబడి. ఊళ్ళో ఎవరినైనా ఆపి చెట్టు గురించి అడగడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. అడిగితే సంతోషంగా చెబుతారు కూడా.

కాలువగట్టు మీది కానుగను చూడండి. నేల బీటలు తీసే రోజుల్లో నిగనిగలాడే లేత ఆకు తొడుగుతుంది, పూస్తుంది. పొద్దున్నే వెళ్తే చెట్టు కిందంతా ఊదా కలిసిన తెల్లని పూలు రాలి ఉంటాయి. వాన చుక్క పడకముందే కొత్త ఆకు వేయడమేమిటని పిల్లలు అడగాలి, అడుగుతారు. వేళ్ళు లోతుకు పోయి నీటిని అందుకోవడం ఒక కారణం. రెండో కారణం పురుగు. తమిళనాడులోని ముదుమలై అడవిలో కె.ఎస్. మురళి, రామన్ సుకుమార్ చేసిన పరిశోధన 1993లో అచ్చయింది. ఎండాకాలంలో ముందుగా చిగిర్చిన ఆకును పురుగులు తక్కువ తింటున్నాయనీ, వానలతో పాటు వచ్చిన చిగురును ఎక్కువ తింటున్నాయనీ వాళ్ళు గమనించారు. తొలకరికి పురుగులు పెరిగే నాటికి ముందు వచ్చిన ఆకు ముదిరి ఉంటుంది.

సాయంత్రం పూట కూర్చోవడానికి మాత్రం నిద్రగన్నేరును మించిన చెట్టు లేదంటాను. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, గోదావరి ఒడ్డున, ఎన్నెన్నో తెలుగు సినిమాల్లో కనిపించిన చెట్టు ఈ జాతిదే. అందరూ 'సినిమా చెట్టు' అనే ఆ చెట్టుకు సుమారు నూటయాభై ఏళ్ళు ఉంటాయని చెప్పుకుంటారు. 2024 ఆగస్టులో, గోదావరి వరద రోజుల్లో, అది కూలిపోయింది. చూడటానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వచ్చారు. ఆ తరువాత కొమ్మలు కొట్టి, మొదలుకు మందులు పెట్టి కాపాడే ప్రయత్నం చేశారు. మోడు మీద మళ్ళీ చిగుళ్ళు వచ్చాయి. చెట్టు కోసం ఒక ప్రాంతం ఇంతగా ఆరాటపడటం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

నిజానికి నిద్రగన్నేరు ఈ నేలలో పుట్టింది కాదు. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం దాని పుట్టిల్లు. హవాయిలో ఉంటున్న మనవాళ్ళు మంకీపాడ్ అన్న పేరుతో రోజూ చూస్తున్నది ఈ చెట్టునే.

సాయంత్రం అయిదున్నరకు దాని కింద మంచం వేసుకుని ఒక్క రెమ్మను ఎంచుకోండి. అప్పటికి చిట్టాకులన్నీ పరుచుకుని ఉంటాయి, తలెత్తితే ఆకాశం సరిగా కనిపించదు. పొద్దు గుంకే వేళకు జంట ఆకులు కిందికి వాలుతూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. రెప్పవేయకుండా చూసినా కదలిక తెలియదు. నాలుగు మాటలాడుకుని మళ్ళీ చూస్తే తేడా తెలుస్తుంది. చీకటి పడేసరికి కొమ్మల మధ్య ఆకాశం విచ్చుకుని ఉంటుంది. ఆకు మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది, వేలితో తడిమితే తగులుతుంది. అందులో ఒక వైపు కణాల్లోంచి పొటాషియం బయటికి పోతే దాని వెంట నీరూ పోయి ఆ వైపు మెత్తబడుతుంది. రెండో వైపు నీరు చేరి బిగుసుకుంటుంది. ఆకు వంగుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో రూత్ సాటర్, ఆర్థర్ గాల్‌స్టన్ 1970లలో ఈ జాతి ఆకుల మీదే ప్రయోగాలు చేసి ఈ సంగతి వివరించారు. చీకటి గదిలో పెట్టినా కొన్నాళ్ళపాటు ఆకులు తమ వేళ తప్పవు. లోపల గడియారం ఒకటి నడుస్తూనే ఉంటుంది. పెరట్లో చింతచెట్టూ, పచ్చిరొట్టకు చల్లిన జీలుగా కూడా రాత్రి ఆకులు ముడుస్తాయి, కనుక నిద్రగన్నేరు దగ్గర లేదని విచారించనక్కర్లేదు.

ఇలా చూస్తూ కూర్చుంటే ఏమొస్తుందని అడిగేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. రోజర్ ఉల్రిక్ 1984లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన వాళ్ళలో 23 మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మరో 23 మందికి ఇటుకగోడ. చెట్లు కనిపించినవాళ్ళు ముందుగా ఇంటికి వెళ్ళారు, నొప్పికి గట్టి మందులు తక్కువ వాడారు. చిన్న పరిశోధనే, కానీ ఆ తరువాత ఆసుపత్రులు కట్టే తీరు మీద దాని ప్రభావం చాలా ఉంది.

మీరు దిగే రోజును బట్టి కనిపించేవి మారతాయి. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. అప్పటికి బడులు మూసేసే టెక్సాస్ పిల్లలకు మామిడిపళ్ళూ ముంజలూ రెండూ దక్కే వీలుంది. జూన్ చివరి వారంలో సెలవులిచ్చే న్యూజెర్సీ పిల్లలు వచ్చేసరికి మృగశిర దాటి, ముంజల కాలం అయిపోయి, నేరేడు పళ్ళు వస్తాయి.

ముంజల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే వాటిని తొందరగా తినలేం. గెల దింపి, కాయ నెత్తిన కత్తితో చెక్కితే మూడు కళ్ళు కనిపిస్తాయి. బొటనవేలు గుచ్చి లోపలి నీళ్ళు ఒలకకుండా ముంజను పైకి తీయడం చేయి తిరిగితేగాని రాదు. పైపొర వగరు, లోపల చల్లని తియ్యటి నీరు. నాలుగు రోజులు ఆలస్యమైతే ముంజ ముదిరి గట్టిపడుతుంది. ప్రతి తాడూ కాయదు. పోతుతాడు వేరు, కాసే తాడు వేరు. గట్టు మీద వరసగా నిలబడ్డ తాళ్ళలో ఏది ఏదో తేల్చుకోమని పిల్లలకు చెబితే వాళ్ళు తలలెత్తి చూస్తూ ఎండ మాట మరచిపోతారు.

కోయకుండా వదిలేసిన కాయ చెట్టు మీదే ఉండి, వానలు కురిశాక, శ్రావణ భాద్రపదాల్లో పండి దానంతటదే రాలుతుంది. కింద పడ్డ పండు వాసనకు ఎక్కడ ఉందో తెలిసిపోతుంది. ఆ టెంకల్ని పోగుచేసి మట్టిలో పాతర వేస్తే మొలకలు కిందికి దిగి, చలికాలానికి తేగలవుతాయి. పాతర తవ్వి, తేగల్ని ఉడకబెట్టో తంపట వేసో తింటారు. టెంక పగలగొడితే బుర్రగుంజు దొరుకుతుంది, అది పిల్లల వాటా. మే నెలలో రావడం కుదరనివాళ్ళు డిసెంబరు సెలవులకు వచ్చేటట్లయితే, వినాయకచవితి నాటికే ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. పెరట్లో పాతర వేసి ఉంచుతారు, మీ పిల్లలతోనే తవ్విస్తారు.