కొత్తవాడు జట్టుకు నాయకుడు కావచ్చునా?

వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు తెరచిన కొన్నాళ్ళకు ఆటల జట్లు ఏర్పడుతవి. ప్రతి జట్టుకూ ఒక నాయకుని ఎన్నుకొనవలసి వస్తుంది. అప్పుడు తరచుగా ఒక చిక్కు ఎదురవుతుంది. వేరొక ఊరినుండి ఆ యేడే వచ్చి చేరిన విద్యార్థి ఒకడు హాకీ కర్ర పట్టితే అందరికన్న మిన్నగా ఆడుతాడు. పదిమందిని కూడగట్టుకొని పోగల నేర్పు కూడ అతనిలో కనిపిస్తుంది. మూడేండ్లుగా ఆ మైదానంలోనే చెమటోడ్చిన మరొక విద్యార్థి, ఈసారి నాయకత్వం తనకే వస్తుందని నమ్మి ఉంటాడు. ఉపాధ్యాయుడు ఎవరి పేరు చదవవలె?

ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని ఆ పేరు వినబడిన క్షణంలో ఒక బాలుని మనస్సులో, న్యాయమనేది ఉన్నదా లేదా అనే విచారణ మొదలవుతుంది. పెద్దవాడైన తరువాత ఆ ఆటలో ఎన్ని గోల్సు చేసినాడో మరచిపోవచ్చును గాని, ఆనాడు తనకు జరిగినది న్యాయమో అన్యాయమో మరచిపోడు. కనుక ఇది ఆలోచింపదగిన విషయమే.

పాతవాని పక్షాన చెప్పేవారి వాదం ఇది. జట్టు అంటే పదకొండు మంది ఆటగాండ్లు మాత్రమే కాదు. ఒకరి అలవాట్లు ఒకరికి తెలియడం. ఎవడు బంతిని ఎటు కొడతాడో, ఎవనికి కోపం త్వరగా వస్తుందో, ఎవడు ఓటమిలో డీలాపడిపోతాడో ఎరిగినవాడే నాయకుడు కాగలడు. ఆ ఎరుక ఒక్కనాటిలో రాదు. పైగా, ఏండ్ల తరబడి సేవ చేసినవానిని కాదని నిన్న వచ్చినవానిని అందలమెక్కిస్తే, ఇక ఓర్పుకు విలువ ఏమున్నది? కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెతను మనమే నిజం చేసినట్లు కాదా?

కొత్తవాని పక్షం వారి వాదమూ త్రోసివేయదగినది కాదు. నాయకత్వం జట్టు అవసరానికి ఏర్పడినదే గాని, గడచిన సేవకు ఇచ్చే బహుమానం కాదు. కొత్తవానికి పాత తగవులు లేవు. ఆ ముఠా వాడనీ, ఈ ముఠా వాడనీ పేరు పడలేదు. పాతవారి కంటికి అలవాటై కనిపించని లోపాలు అతని కంటికి కనిపించవచ్చును.

రెండు వాదాలలోనూ నిజమున్నది. ఇట్టి చోట తర్కం కంటె చరిత్ర ఎక్కువ సాయపడుతుంది. భారత హాకీ చరిత్రలో ఈ ప్రశ్న మొదటి అధ్యాయంలోనే ఎదురైనది.

1925లో ఏర్పడిన భారత హాకీ సమాఖ్య 1928లో తొలిసారిగా ఒలింపిక్ క్రీడలకు జట్టును పంపినది. ఆ యేడు మార్చి 10వ తేదీన బొంబాయి రేవులో 13 మంది ఆటగాండ్లు ఓడ ఎక్కినారు. ఉపనాయకుడైన బ్రూమ్ ఎరిక్ పినిగర్ వారిలో ఉన్నారు. నాయకుడు మాత్రం ఆ ఓడలో లేరు. ఆయన ఇంగ్లండులో ఉన్నారు. పేరు జైపాల్ సింగ్.

జైపాల్ సింగ్ 1903లో రాంచీ ప్రాంతపు పల్లెలో ఒక ముండా కుటుంబంలో జన్మించినారు. రాంచీలోని మిషనరీ పాఠశాలలో చదివినారు; ఆ పాఠశాల అధిపతి ప్రోత్సాహంతో ఇంగ్లండు చేరి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం అభ్యసించి, విశ్వవిద్యాలయపు హాకీ జట్టులో స్థానం సంపాదించి 'బ్లూ' గౌరవం పొందినారు. 1928 నాటికి ఐ.సి.ఎస్. శిక్షణలో ఉన్నారు. స్వదేశంలో జట్టును ఎంపిక చేయడానికి జరిగిన పోటీలలో ఆయన ఆడలేదు. తాను నడిపించవలసిన జట్టును ఆయన ఇంగ్లండులోనే కలుసుకొన్నారు. కొత్తవాడు అనే మాట ఇంతకంటె ఎవరికి తగును?

ఆ పదవి ఆయనకు సులభంగా దక్కినదీ కాదు. ఒలింపిక్ క్రీడలకు పోవడానికి సెలవు అడిగితే పై అధికారులు ఇవ్వలేదు. సెలవు లేకుండానే ఆయన ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళినారు. తిరిగి వచ్చిన తరువాత మరొక యేడు శిక్షణ పొందవలెనని వారు ఆజ్ఞాపించగా, ఆయన ఆ ఉద్యోగాన్నే వదలుకొన్నారు. ఆనాటి భారతీయ యువకునికి ఐ.సి.ఎస్. కంటె గొప్ప కొలువు లేదు. జట్టుకు ఆయన కొత్తవాడే. కాని జట్టు కోసం అంత మూల్యం చెల్లించిన పాతవారు ఎందరు?

ఆమ్‌స్టర్‌డామ్‌లో భారత జట్టు ఆస్ట్రియాపై 6, బెల్జియంపై 9, డెన్మార్కుపై 5, స్విట్జర్లాండుపై 6 గోల్సు చేసినది. మే 26న జరిగిన తుదిపోటీలో ఆతిథ్య దేశమైన హాలండును 3 గోల్సతో ఓడించి స్వర్ణపతకం గెలిచినది. అయిదు ఆటలలో మొత్తం 29 గోల్సు. ప్రత్యర్థులకు ఒక్కటైనా దక్కలేదు. ఆ 29లో 14 ధ్యాన్ చంద్ కర్రనుండి వెలువడినవే.

అయితే ఈ కథలో ఒక ముడి ఉన్నది. ఆ తుదిపోటీనాడు జైపాల్ సింగ్ మైదానంలో లేరు. ఆయన జట్టునుండి తప్పుకొనడానికి గల కారణాలను గురించి భిన్న కథనాలు ప్రచారంలో ఉన్నవి. ఆనాడు జట్టును నడిపినవారు పినిగర్; బొంబాయిలో ఓడ ఎక్కిన ఉపనాయకుడు.

కనుక ఈ ఒక్క చరిత్రను ఇరుపక్షాలవారూ సాక్ష్యంగా చూపవచ్చును. కొత్తవాడు నాయకుడైనా స్వర్ణం వచ్చినది కదా అని ఒకరనవచ్చును. ఆపదలో ఆదుకొన్నది పాతవాడే కదా అని మరొకరనవచ్చును. కాని నిదానించి చూస్తే తేలేది వేరు. నాయకత్వం తనకు ఇవ్వనందుకు పినిగర్ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఉపనాయకునిగా బయలుదేరినారు, ఉపనాయకునిగా ఆడినారు, అవసరమైన నాడు నాయకత్వపు బరువును ఎత్తుకొన్నారు. కొత్తవానిని నాయకుని చేసిన జట్టు నిలిచినదా అంటే, నిలిచినది; దానిని నిలబెట్టినవారిలో పాతవాడు ముఖ్యుడు.

నాలుగేండ్ల తరువాత 1932లో లాస్ ఏంజిలిస్ క్రీడలకు పోయిన జట్టులో ధ్యాన్ చంద్, పినిగర్, గోల్ కీపరు రిచర్డ్ ఆలెన్, లెస్లీ హామండ్ ఉన్నారు. నలుగురూ 1928లో స్వర్ణం గెలిచినవారే. నాయకుడు మాత్రం వారిలో ఎవరూ కారు. ఒలింపిక్ క్రీడలలో అంతకుముందు ఆడని లాల్ షా బొఖారీ నాయకుడు. ఆ జట్టు జపానును 11-1 తేడాతోను, అమెరికాను 24-1 తేడాతోను ఓడించినది. నలుగురు విజేతలు ఒక కొత్తవాని క్రింద ఆడినారు. ఆటలో లోటు రానీయలేదు.

ఇంతమాత్రం చేత పాతవారిని ప్రక్కకు నెట్టడం ఎప్పుడూ మంచిదేనని అనుకొనరాదు. ధ్యాన్ చంద్ విషయమే చూడండి. 1926లో సైనిక జట్టుతో న్యూజీలాండు వెళ్ళినప్పటినుండి ఆయన ఆటకు సాటి లేదు. 1935లో మరల న్యూజీలాండు పర్యటనకు జట్టును పంపేటప్పుడు మానావదర్ నవాబు రానని తప్పుకొన్న తరువాతనే ఆయనకు నాయకత్వం లభించినది. సైన్యంలో సాధారణ సిపాయిగా చేరిన ధ్యాన్ చంద్ కంటె, ఒక సంస్థానాధిపతి పేరు ముందుగా వినబడినది. ఆటలో తగినవాడని కొత్తవానిని ఎన్నుకొనడం వేరు; పుట్టుక, ధనం, హోదా చూచి ఎన్నుకొనడం వేరు. మొదటిది పాతవానికి బాధ కలిగించవచ్చును; రెండవది అతనికి అన్యాయం చేస్తుంది. ఉపాధ్యాయులు ఈ భేదం గుర్తించవలె. ఊరి పెద్ద కుమారుడు ఈ యేడే బడిలో చేరి, ఈ యేడే నాయకుడైతే, దానికి జైపాల్ సింగ్ కథను సమర్థనగా చెప్పరాదు.

ఎట్టకేలకు నాయకుడైన ధ్యాన్ చంద్ కొత్తవారి యెడల ఎట్లు ప్రవర్తించినారు? 1936లో బెర్లిను చేరిన వెంటనే, అసలు పోటీలకు ముందు జరిగిన సన్నాహపు ఆటలో భారత జట్టు జర్మనీ చేతిలో 4-1 తేడాతో ఓడినది. వెంటనే స్వదేశంనుండి అలీ ఇక్తిదార్ షా దారాను పిలిపించినారు. దారా విమానంలో వచ్చి చివరి రెండు ఆటలలో పాల్గొన్నారు. ఆగస్టు 15న జరిగిన తుదిపోటీలో ఆ జర్మనీనే మనవారు 8-1 తేడాతో ఓడించినారు. పాత నాయకుడు కొత్తవానికి చోటు ఇచ్చినాడు. 1928లో పాతవాడు కొత్త నాయకునికి తోడ్పడినట్టిదే ఇదీ.

దీనికి విరుద్ధమైన దృశ్యం 1968లో మెక్సికో క్రీడలలో కనిపించినది. నాయకత్వానికి అర్హులైన ప్రీతిపాల్ సింగ్, గురుబక్ష్ సింగ్ ఇద్దరూ పాతవారే. 1964లో టోక్యోలో స్వర్ణం గెలిచిన జట్టులోనివారే. ఒకరిని కాదని ఒకరిని నిలబెట్టలేక సమాఖ్యవారు ఇద్దరినీ ఉమ్మడి నాయకులుగా ప్రకటించినారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సంగతి వారికి తెలియనిది కాదు. మొదటి ఆటలోనే జట్టు న్యూజీలాండు చేతిలో ఓడినది. సెమీఫైనలులో ఆస్ట్రేలియా చేతిలో ఓడి కాంస్యంతో తృప్తి పడినది. 1928నుండి మొదటి రెండు స్థానాలు దాటి దిగజారని జట్టుకు అది తొలి పతనం. ఓటమికి కారణాలు అనేకం ఉండవచ్చును. కాని ఇద్దరికి సగం సగం అధికారం పంచి ఇచ్చినవారు, పూర్తి బాధ్యత ఎవరికీ అప్పగించలేదన్నది స్పష్టం. ఇద్దరిలో ఎవడూ కొత్తవాడు కానప్పటికీ చిక్కు తప్పలేదు.

మన భారతకథలో కూడ ఈ రెండు రీతులూ ఉన్నవి. కౌరవసేనకు భీష్ముడు నాయకుడు కాగా, ఆయన తనను అర్ధరథుడన్నాడని కినిసి, భీష్ముడు నేలకూలే వరకు కర్ణుడు అస్త్రం పట్టలేదు. పది దినాలు కౌరవసేన తన మేటివీరుని సాయం లేకుండ పోరాడినది. పాండవపక్షంలోనూ సేనాపతి ఎవరన్న చర్చ వచ్చినది. విరాటుడన్నారొకరు, ద్రుపదుడన్నారొకరు, శిఖండి అన్నారింకొకరు. చివరకు నిలిచిన పేరు ధృష్టద్యుమ్నునిది. అతని తండ్రి ద్రుపదుడు కుమారుని క్రింద పోరాడినాడు. వృద్ధుడైన విరాటుడూ, అర్జునుడూ, భీముడూ అతని క్రిందనే పోరాడినారు. కౌరవులకు సేనాపతులు మారుతూ వచ్చినారు. పాండవులకు పదునెనిమిది దినాలూ ఒక్కడే సేనాపతి. ధృష్టద్యుమ్నుడు భీష్మునికన్న గొప్ప వీరుడు కాడు. పెద్దలు అతని వెనుక నిలిచినారు. అదే అతని బలం.

కాబట్టి కొత్తవాడు నాయకుడు కావచ్చునా అని అడిగితే, కావచ్చును అనే చెప్పవలె. కాని దానికి కొన్ని నియమాలు ఉన్నవి. అతని అర్హత ఆటలో, నడతలో కనబడవలె. వంశంలో, పలుకుబడిలో వెదకరాదు. ఎన్నుకొన్న తరువాత అధికారం పూర్తిగా అతనిదే కావలె. రెండవనాడే మరొకరిని సరిజోడుగా నిలుపరాదు. అన్నిటికంటె ముఖ్యంగా, పాతవానికి తగిన స్థానం, తగిన మాట దక్కవలె.

ఈ మూడవ నియమమే మన పాఠశాలలలో తరచుగా మరుగున పడుతున్నది. ప్రకటన పలకమీద పేరు అంటించడంతో పని అయిపోయినదని భావిస్తాము. ఇల్లు అలకగానే పండుగ కాదు. మూడేండ్లు ఆడిన బాలునికి ఆ పేరు అందరితోబాటు గోడమీద చదువుకొనే గతి పట్టరాదు. ముందుగా అతనిని పిలిచి, ఎందుకు ఈ నిర్ణయం చేసినామో దాపరికం లేకుండ చెప్పవలె. జట్టును గురించి అతనికి తెలిసినది కొత్తవానికి తెలియదనీ, అది తెలియజెప్పే బాధ్యత అతనిదేననీ చెప్పవలె. అతడు కోపపడితే కోపపడనీయవలె. ఆ కోపంలో కొంత న్యాయమున్నది. బాలికల జట్టయినా, బాలుర జట్టయినా ఈ మర్యాద ఒక్కటే.

కొత్త నాయకునికి చెప్పవలసిన మాట కూడ ఒకటి ఉన్నది. మొదటి ఆటకు ముందు అతడు ఆ పాతవాని వద్దకు పోయి సలహా అడుగవలె. అడిగినంత మాత్రాన అతని గౌరవం తగ్గదు. 1928లో తుదిపోటీనాడు జట్టును నడుపవలసిన చేయి ఎవరిదో, మార్చి నెలలో ఓడ ఎక్కిన నాడు ఎవరికీ తెలియదు. ఏ యేటి జట్టుకైనా ఆ సంగతి ముందుగా తెలియదు.