చెక్క ముక్క మీద మన పేరు

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఆ మాటన్నవాళ్లు ఇప్పుడొచ్చి మన అపార్ట్‌మెంట్లలో నాలుగు గడపలు తొక్కితే ఏ ఇల్లు ఏ ఇల్లాలిదో పోల్చుకోగలరా అని నా అనుమానం. ఎక్కడ చూసినా అవే బూడిదరంగు సోఫాలు, అవే తెరలు, టీవీ వెనక అవే పలకలు. వీటికి తోడు ఈమధ్య గోడ మీద ఒక ఇంగ్లీషు బోర్డు. 'హోమ్ స్వీట్ హోమ్' అనో, 'గుడ్ వైబ్స్ ఓన్లీ' అనో రాసి ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే చాలావరకు అది చెక్క కూడా కాదు. చెక్క పీచు, జిగురు కలిపి అదిమిన ఎండీఎఫ్. పాతకాలపు దానిలా కనిపించాలని ఫ్యాక్టరీలోనే అంచులు అరగదీసి, గీతలు గీసి మరీ పంపుతారు!

దీన్ని 'రస్టిక్' అలంకరణ అంటున్నారు. మన మాటల్లో చెప్పుకోవాలంటే పల్లెటూరి మోటుదనం. నునుపు చేయని చెక్క, తుప్పు రంగు ఇనుము, చేత్తో రాసినట్టుండే అక్షరాలు... ఇవే దాని సొగసు. అమెరికా పల్లె ఇళ్ల పోకడలోంచి వచ్చిన ఈ ఫ్యాషన్‌కి అక్కడ 2013లో మొదలైన 'ఫిక్సర్ అప్పర్' అనే టీవీ కార్యక్రమం బాగా ప్రచారం తెచ్చింది. పశువుల కొట్టం తలుపులు, పాల క్యాన్లు వాళ్లకి ముద్దొస్తే రావచ్చు. అవి వాళ్ల తాతల జ్ఞాపకాలు. మరి మన తాతలకు కొట్టాలు లేవా? మన అమ్మమ్మలకు వాకిళ్లు లేవా?

వాకిలి చెప్పే కబురు

ఆలోచిస్తే మన ఇళ్లకు బోర్డులు కొత్తేం కాదు. అక్షరాలు లేని బోర్డులు ఎప్పటినుంచో ఉన్నాయి. గుమ్మానికి పచ్చటి మామిడి తోరణం కనిపిస్తే ఆ ఇంట్లో పండగో, శుభకార్యమో అని తెలిసిపోయేది. రథం ముగ్గు చూస్తే సంక్రాంతి సంబరాలు ముగింపుకొచ్చాయని అర్థం. ముగ్గు లేని వాకిలి చూస్తే ఏదో జరగరానిది జరిగిందని వీధి వీధంతా గొంతు తగ్గించి మాట్లాడుకునేది. పసుపు రాసిన గడప ఒక పలకరింపు. వీటన్నిటినీ రాసింది ఎవరు? ఆడవాళ్లే కదూ! వాకిలి మీద రోజూ తన చేతిరాత రాసిన మనిషి ఇల్లాలే.

ఆ తర్వాత కాంపౌండు గోడలొచ్చాయి, గేట్లొచ్చాయి, నేమ్ బోర్డులొచ్చాయి. అప్పటినుంచి వాకిలి చేతిరాత మారిపోయింది.

బోర్డు మీద ఎవరి పేరు?

ఈసారి మీ వీధిలో నడుస్తున్నప్పుడు కాస్త గమనించి చూడండి. ఆయన పేరు, పక్కన ఆయన డిగ్రీ, కింద ఆయన ఉద్యోగం. లేకపోతే అత్తగారి పేరుతోనో, కులదైవం పేరుతోనో ఫలానా 'నిలయం'. ఇద్దరూ ఉద్యోగం చేస్తున్న ఇళ్లలో కూడా బోర్డు మీద ఒక్క పేరే ఉండటం చాలాచోట్ల చూస్తాం. పోస్ట్‌మాన్‌కి తెలియాలి కదా అంటారు. ఆవిడకు ఉత్తరాలు రావా మరి!

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పేదలకు పంచిన ఇళ్ల స్థలాల పట్టాలను ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. కాగితం మీద ఆవిడ పేరు ఎక్కింది. గుమ్మం మీద ఎక్కడానికి ఏమిటి అడ్డం? బోర్డు మీద పేరు రాసినంత మాత్రాన ఆస్తి రాసిచ్చినట్టు కాదు, నిజమే. కానీ సాయంత్రం స్కూలు నుంచి వచ్చే ఆడపిల్ల గుమ్మం ముందు నిలబడి రోజూ చదివే మొదటి అక్షరాలు అవే. అక్కడ అమ్మ పేరు ఉండటానికీ, లేకపోవడానికీ తేడా లేదంటారా?

అందుకే అలంకరణ గురించి ఎవరైనా అడిగితే నేను సోఫా దగ్గర మొదలుపెట్టను. గుమ్మం దగ్గర మొదలుపెట్టమంటాను. ఒక మంచి చెక్క ముక్క, దాని మీద తెలుగులో మీ ఇద్దరి పేర్లు. ఇంతకంటే అందమైన రస్టిక్ బోర్డు ఏ షాపులోనూ దొరకదు.

చెక్క ఎలాంటిది? అక్షరం ఎలా?

చెక్క కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. సామిల్లులోనో, తలుపులు చేసే వడ్రంగి దగ్గరో టేకు, వేప, మామిడి ముక్కలు మిగిలి ఉంటాయి. అడుగున్నర పొడవు, ఆరు అంగుళాల వెడల్పు ఉంటే చాలు. సన్నటి రంధ్రాలు, వాటి కింద పిండిలా రాలే పొడి కనిపిస్తే అది పుచ్చిన చెక్క. ఎంత ముచ్చటగా ఉన్నా ఇంట్లోకి తేవద్దు, మిగతా సామానుకూ పాకుతుంది.

సరుకులొచ్చే ప్యాకింగ్ చెక్కలతో బోర్డులు చేసుకోవడం ఇప్పుడు సరదా అయింది. వాటి మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే పురుగు చావడానికి వేడిచేసిన చెక్క, వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, దాని జోలికి పోవద్దు. పాత రైలు స్లీపరు చెక్కలకు క్రియోసోట్ పట్టించి ఉంటుంది. అవీ ఇంట్లోకి పనికిరావు.

పాత తలుపులు, కిటికీ రెక్కలు వాడుకునేవాళ్లకు ఇంకో హెచ్చరిక. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండొచ్చు. ఆ రంగును పొడిగా గీకితే లేచే దుమ్ము పసిపిల్లల మెదడు ఎదుగుదలకు చేటు. కాబట్టి తడిపి రుద్దాలి, రుద్దేచోట పిల్లలు ఉండకూడదు. గర్భిణులు ఆ పని పెట్టుకోకూడదు.

మంచి చెక్క దొరికాక 80 నంబరు సాండ్ పేపరుతో మొదలుపెట్టి, 120తో, చివర 220తో చెక్క గీతల వాలునే రుద్దండి. అడ్డంగా రుద్దితే గీరలు పడతాయి. ఆపైన అవిసె నూనె పలచగా పట్టిస్తే చెక్క రంగు దానంతటదే వెలుగులోకి వస్తుంది. నూనె పూసిన గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆరేటప్పుడు ఆ నూనెలో వేడి పుడుతుంది, గుడ్డ తనంతట తనే అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరుబయట ఆరేయండి. నూనె పూర్తిగా ఆరాకే అక్షరాలు రాయాలి.

ఇక అక్షరాల సంగతి. పది అడుగుల దూరం నుంచి హాయిగా కనపడాలంటే అక్షరం అంగుళం ఎత్తయినా ఉండాలి. అయితే ఇంగ్లీషు అక్షరాల లెక్క మనకు సరిపోదు. మనకు పైన గుడులుంటాయి, కింద ఒత్తులుంటాయి. 'లక్ష్మి' అని రాయాలంటే ఒక అక్షరం ఎత్తులోనే ముగ్గురు కాపురం పెట్టినట్టు! అందుకని వరసకీ వరసకీ మధ్య కనీసం అక్షరంలో సగం ఎత్తయినా ఖాళీ వదలాలి. సూరన్న, ధూర్జటి, గిడుగు, మల్లన్న లాంటి తెలుగు ఫాంట్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. జిరాక్స్ షాపులో పెద్దగా అచ్చు తీయించి, కార్బన్ పేపరు పెట్టి చెక్క మీదకు దింపుకుంటే సరి.

అంతకంటే మంచి పని ఇంకోటుంది. మీ ఊళ్లో బోర్డులు రాసే ఆర్టిస్టు ఎవరైనా మిగిలి ఉన్నారేమో వాకబు చేయండి. ఒకప్పుడు కిరాణా కొట్టు నుంచి సినిమా హాలు దాకా ఊరి అక్షరాలన్నీ ఆయన కుంచెలోంచి వచ్చినవే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని దాదాపు పోయింది. చెయ్యి తిరిగిన మనిషి చేత ఎనామిల్ రంగుతో రాయించుకున్న తలకట్టు వంపు ఏ మిషనుకు వస్తుంది చెప్పండి!

అత్తగారి ఇసుర్రాయి

మా ఎదురింటావిడ ఊరి నుంచి ఇసుర్రాయి తెప్పించి హాల్లో పెట్టింది. పైన ఇత్తడి గిన్నెలో నీళ్లు, నీళ్లలో పూలు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పండక్కి వచ్చిన వాళ్లత్తగారు మాత్రం చాలాసేపు దానివంకే చూసి, "దీన్ని ఎందుకు తెచ్చావే తల్లీ, నా భుజాలు అరిగిపోయింది దీని దగ్గరే" అంది.

నాకు ఆ మాట మర్చిపోవడం కుదర్లేదు. మనకు అలంకరణగా కనిపించే రోలు, ఇసుర్రాయి, చేట, కడవ... ఇవన్నీ మన ముందుతరం ఆడవాళ్లకు చాకిరీ గుర్తులు. అలాగని పెట్టుకోవద్దని కాదు. ఎదురింటావిడ కూడా రాయిని తీసెయ్యలేదు. అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఎన్ని గంటలకు లేచేవారు, ఎన్ని మానికలు విసిరేవారు అని అడిగి తెలుసుకుంది. ఇప్పుడు ఎవరైనా "బలే ఉందండీ" అంటే, "మా అత్తయ్యగారిది" అని ఆ కబుర్లన్నీ చెబుతుంది. కథ తెలిసినప్పుడు రాయి వస్తువుగా మిగలదు. కథ తెలియకపోతే అది కొనుక్కొచ్చిన బరువే.

చేసిన చేతులు

కొనుక్కోవాలనుకుంటే మన దగ్గర లేనిదేముంది? అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్కతో, సహజ రంగులతో చేసే బొమ్మలున్నాయి. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం అవే. తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు, ఎర్రటి నేపథ్యంతో కళకళలాడే చేర్యాల నకాషీ చిత్రాలు, నిర్మల్ పెయింటింగ్స్, పెంబర్తి ఇత్తడి పని ఉన్నాయి. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు చేసే దీపపు తొడుగులో బల్బు వెలిగిస్తే గది గదంతా రామాయణమే. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. లేపాక్షి, గోల్కొండ షోరూముల్లో వీటిలో చాలావరకు దొరుకుతాయి.

కొనేటప్పుడు బేరం మాత్రం ఆచితూచి ఆడండి. నర్సాపురం లేసు అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకం రాసింది. గంటల తరబడి అల్లినా దాన్ని పని అనలేదట, ఇంట్లో ఖాళీగా ఉన్న ఆడవాళ్ల కాలక్షేపంగా లెక్కగట్టారట. ఆ లెక్క మనకి కొత్తా? మన వంటకీ అదే లెక్క కదా! 2024లో ఆ లేసుకు జీఐ గుర్తింపు వచ్చింది. టీపాయ్ మీద ఆ లేసు ముక్క పరిచేటప్పుడు అల్లిన వేళ్లను ఒక్కసారి తలుచుకుంటే చాలు, పది రూపాయల బేరం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

మీ తీరు ఏమిటి?

అన్నీ బాగున్నాయని అన్నీ తెచ్చిపెడితే ఇల్లు కాస్తా ఎగ్జిబిషన్ అవుతుంది. ఎవరి తీరు వాళ్లకుంటుంది. అది తెలుసుకోవడం ఎలా అంటారా?

ముందు మీ చీరల బీరువా తెరవండి. మీకు తెలియకుండానే మళ్లీ మళ్లీ కొన్న రంగు ఒకటుంటుంది. మీ ఇంటి రంగు అదే. తర్వాత చిన్నప్పుడు మీకు ఇష్టమైన ఇల్లు ఒకటి గుర్తు తెచ్చుకోండి. అక్కడ మీ కళ్లకు ముందు కనిపించేదేమిటి? ఊగే బల్లా, ఇత్తడి బిందా, ఈతచాపా? ఆ ఒక్కటి తెచ్చుకోండి చాలు.

మూడో ప్రశ్న ముఖ్యమైనది. దుమ్ము దులిపేది ఎవరు? వారానికి మీరు ఎంతసేపు దులపగలరో లెక్కవేసుకుని అన్ని వస్తువులే పెట్టండి. ఇరవై బొమ్మలు తుడవలేక విసుక్కునేకంటే, రెండు బొమ్మలను ముద్దుగా చూసుకోవడం నయం. ఒక గోడను ఖాళీగా వదిలేయండి. కళ్లకూ విశ్రాంతి కావాలి కదా.

అద్దె ఇల్లయితే మేకు కొట్టొద్దంటారు ఇంటివాళ్లు. బోర్డును గోడకు కొట్టక్కర్లేదు. అలమర మీద ఆనించి పెట్టండి, కిటికీ ఊచకు తాడుతో వేలాడదీయండి. ఇల్లు మారినా మీతో వచ్చే వస్తువులే మీ తీరును చెబుతాయి.

బోర్డు మీద పెద్ద పెద్ద సూక్తులు కూడా వద్దు. మీరు రోజూ అనే మాటే రాయండి. 'చెప్పులు ఇక్కడ', 'కాఫీ తాగి వెళ్లండి', 'లోపలికి రండి, తలుపు తీసే ఉంది'. మా స్నేహితురాలొకామె తన గది తలుపుకు అరచేయంత చెక్క ముక్క తగిలించింది. దాని మీద 'రెండు నుంచి మూడు వరకు అమ్మ చదువుకుంటోంది' అని తెలుగులో నాలుగు మాటలు. మొదట్లో పిల్లలు నవ్వారు. భర్త "ఇదేమిటి, ఆఫీసా?" అన్నాడు. ఇప్పుడు ఆ గంటసేపు ఎవరూ తలుపు తట్టరు. తాగే నీళ్లు ఎక్కడున్నాయో అందరికీ తెలిసిపోయింది!

ఇంతకీ మీ చెక్క ముక్క మీద ఏం రాయించుకుంటారు? ఈ ఆదివారం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు ఆ ముచ్చట కదిపి చూడండి.