ఉంగరాల జుట్టు బిడ్డకు దువ్వెన భయం

ఆదివారం ఉదయం ఆరాధనకు బయలుదేరే వేళ చిల్లకూరు దగ్గర ఒక ఇంట్లో మేము చూచిన సంగతి ఇది. ఏడేళ్ల పాప తలుపు వెనుక నక్కి ఉంది. తల్లి చేతిలో సన్నపళ్ల దువ్వెన. "తలా అది, పిచ్చుక గూడా?" అని నాయనమ్మ కేక. "ఈ వేసవికి గుండు కొట్టించేస్తాను, పీడా పోతుంది" అని తల్లి విసుగు. ఆ మాట వినగానే పాప రెండు చేతులతో తల కప్పుకొంది. కాసేపటికి జడ వేసుకొని, ఎర్రబడ్డ కళ్లతో మా పక్కనే వచ్చి కూర్చుంది.

తల్లులారా, ఆ పాప మొండిది కాదు. జుట్టూ చెడ్డది కాదు. ఉంగరాల వెంట్రుక కుదురులోనే వంపు తిరిగి మొలుస్తుంది. మాడు మీద సహజంగా ఊరే నూనె తిన్నని వెంట్రుక వెంట సులువుగా కిందికి జారుతుంది. మెలికలున్న వెంట్రుక మీద అంత సులువుగా జారదు. అందుకే మాడు జిడ్డుగా ఉన్నా కొసలు ఎండిపోయి, ఒకదానికొకటి చిక్కుకుంటాయి. ఆ పొడి జుట్టులో సన్నపళ్ల దువ్వెన పెట్టి పైనుంచి లాగితే చిక్కులన్నీ కిందకు చేరి ముడిపడతాయి. ఇక ఏడవక ఏం చేస్తుంది? గుండు కొట్టించినా కుదురు మారదు గనుక మళ్లీ అదే జుట్టు వస్తుంది.

సముద్రం దగ్గరి ఊళ్లలో నీటి చిక్కు కూడా ఉంది. చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. గట్టి నీళ్లలో సబ్బు నురగ రాదు సరికదా, తెల్లని మడ్డి జుట్టును పట్టుకుంటుంది. తలకు బట్టల సబ్బు, ఒంటి సబ్బు మానండి. స్నానం బోరు నీళ్లతోనే చేయించినా, చివరి రెండు చెంబులు మాత్రం తాగే నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో పోయండి.

తలంటు వారానికి ఒకసారి చాలు. చెమట పట్టే రోజుల్లో రెండుసార్లు. ముందురోజు రాత్రి కొబ్బరి నూనె కొసలకు బాగా, మాడుకు కొద్దిగా రాయండి. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో కొబ్బరి నూనెను, పొద్దుతిరుగుడు నూనెను, మినరల్ ఆయిల్‌ను పోల్చి చూచారు. వెంట్రుకలోని మాంసకృత్తులు పోకుండా కాపాడింది కొబ్బరి నూనె ఒక్కటే. మన అమ్మమ్మలకు ఈ పరిశోధన అవసరం లేకపోయింది, అది వేరే మాట! ఇసుకలో ఆడి వచ్చిన బిడ్డ అయితే, తడపక ముందే తల వంచి ఇసుక దులపండి. ఈ మండలం నుండి గాజు తయారీకి వెళ్లే సన్నని సిలికా ఇసుక ఉంగరాల్లో దూరితే తొందరగా రాదు.

కుంకుడు రసం పలుచగా ఉండాలి, కంట్లో పడకూడదు. చిక్కగా పోస్తే ఉన్న కాస్త నూనే పోతుంది. ఆ తరువాత గుప్పెడు మందారాకులు నీళ్లలో పిసికి, పలుచని గుడ్డలో వడకట్టి (వడకట్టకపోతే ఆకుముక్కలు ఏరలేక మీరే ఏడుస్తారు) ఆ జిగురు జుట్టంతా పట్టించండి. జుట్టు తడిగా, జారుడుగా ఉన్నప్పుడే చిక్కు తీయాలి. ముందు వేళ్లతో, తరువాత వెడల్పు పళ్ల దువ్వెనతో. కొసల నుండి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి రండి. పై భాగం పిడికిట్లో గట్టిగా పట్టుకుంటే మాడు లాగదు. తరువాత కడిగి, పాత నూలు పంచెతో అద్దండి. రుద్దవద్దు.

మిగిలిన రోజుల్లో తడి వేళ్లు, రెండు చుక్కల నూనె, వదులు జడ చాలు. బడికి రెండు జడలు మడిచి రిబ్బను కట్టేటప్పుడు కణతలు సాగేలా బిగించకండి. రోజూ లాగితే ముందువైపు జుట్టు పలచబడుతుంది.

పేల సంగతి వేరు. అక్కడ సన్నపళ్ల దువ్వెన కావలసిందే, కాని పొడి జుట్టులో కాదు. చిక్కు తీసిన తడి జుట్టులో, నాలుగు రోజులకొకసారి, రెండు వారాలు దువ్వండి. ఇంట్లో అందరి తలలూ చూడండి. కిరోసిను, పొలానికి కొట్టే పురుగుమందు తలకు రాయవద్దు. ఆ విషం చర్మం గుండా ఒంట్లోకి పోయి ప్రాణాల మీదికి తెస్తుంది. మాడు మీద పుండ్లు, గుండ్రంగా జుట్టు ఊడిన మచ్చలు కనబడితే డాక్టరుకు చూపించండి.

నాయనమ్మగారికి ఒక్క మనవి. పరమగీతము 5వ అధ్యాయములో పెండ్లికుమారుని అందం చెప్పేటప్పుడు అతని నొక్కుల జుట్టును కూడా చెప్పారు. పిచ్చుక గూడు అనలేదు.

మొదటిసారి చిక్కు తీయడానికి గంట పట్టవచ్చు. శనివారం సాయంత్రమే పెట్టుకోండి, ఆరాధన వేళకు హడావిడి ఉండదు. పాప చేతికి ఉడికించిన వేరుశనక్కాయలు ఇచ్చి ముందు కూర్చోబెట్టుకోండి. ఒక పాయ తనను దువ్వుకోనివ్వండి.