దగ్గరి పది ఎటువైపు?

నాలుగైదు తరగతుల పిల్లలకు లెక్కల్లో ఒక పాఠం వస్తుంది. సంఖ్యను ఇచ్చి దగ్గరి పదికో, దగ్గరి వందకో సవరించమంటారు. చివరి అంకె అయిదు గానీ అంతకు మించి గానీ ఉంటే పైకి, తక్కువైతే కిందికి. ఈ సూత్రం అప్పజెప్పలేని పిల్లలు అరుదు. అయినా "47కు దగ్గరి పది ఏదమ్మా?" అంటే కొందరు తెల్లమొహం వేస్తారు. షోలాపూరులో మా ఇంటికి సాయంత్రాలు చదువుకోవడానికి వచ్చే మన పిల్లల్లో నేను చూస్తున్నది ఇదే. ఆ సంఖ్య ఏ రెండు పదుల నడుమ ఉందో వాళ్ల కంటికి కనబడదు. అది కనబడకుండా సూత్రం ఎన్నిసార్లు వల్లించినా దండుగే.

మన భాష ఇక్కడ అక్కరకొస్తుంది. నలభై ఏడు అన్నప్పుడు నలభై ముందు వినబడుతుంది. కన్నడం, తమిళాల్లోనూ అంతే. మరాఠీలో 47ను 'సత్తేచాళీస్' అంటారు. ఏడు ముందు, నలభై వెనక. అందుకేనేమో, మరాఠీ మాధ్యమంలో చదివే పిల్లలు కొందరు 47 బదులు 74 రాస్తుంటారు. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి లెక్కల పుస్తకంలో పదిని ముందు పలికే పద్ధతి ప్రవేశపెడితే పెద్ద దుమారమే రేగింది.

అయితే పాత మరాఠీ పేర్లలో ఒక అందముంది. 29 'ఏకోణ్‌తీస్', అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 39 కూడా అలాగే, నలభైకి ఒకటి తక్కువ. దగ్గరి పది పేరులోనే ఉంది! ఒడియాలోనూ 29కి ఇలాంటి పేరే కాబట్టి బరంపురం వైపు మనవాళ్లు కూడా పిల్లలకు ఇది చూపించవచ్చు. రెండు భాషలు తెలిసిన పిల్లవాడికి ఇది అదనపు లాభం. 'ఫార్టీ సెవెన్' అనే పిల్లలకూ లెక్కలో నష్టం లేదు, ఇంగ్లీషులోనూ పదే ముందు. నష్టమల్లా ఇంట్లో తెలుగు అంకెలు తప్ప తెలియని పెద్దవాళ్లకే. మనవడు తెచ్చిన చిల్లర ఎంతో వాళ్లకు అర్థం కాదు.

మన పెద్దల మాటల్లో మరో సంపద ఉంది. 42ను 'నలభై పైచిలుకు' అంటాం. 48ని అలా అనం, 'యాభైకి కాస్త తక్కువ' అంటాం. ఏ సంఖ్యకు ఏ మాట నప్పుతుందో పిల్లల్ని అడగండి. సూత్రం చెప్పకముందే వాళ్లు సవరించేస్తారు.

ఆ తర్వాత వాకిట్లో ముగ్గుపిండితో పదకొండు అడ్డగీతలు గీయండి. ఒక కొసన 40, మరో కొసన 50. పిల్లను 47 గీత మీద నిలబెట్టి ఎటు అడుగులు తక్కువో లెక్కపెట్టమనండి. 45 మీద నిలబడితే రెండు వైపులా అయిదే అడుగులు. అక్కడ మాత్రం పైకి వెళ్దామన్నది ఒక ఒప్పందం. ఒప్పందమని విప్పి చెప్పాలి, లేకపోతే తెలివైన పిల్లలు "ఎందుకు?" అని అక్కడే ఆగిపోతారు.

వందల్లోకి వెళ్లాక ఒక చిక్కు వస్తుంది. 447ను దగ్గరి వందకు సవరించమంటే ముందు 450 చేసి, ఆపైన 500 చేసేస్తారు. 447 నుంచి 400కు 47 దూరం, 500కు 53 దూరం. జవాబు 400. వందకు సవరించేటప్పుడు ఒకట్ల జోలికి పోకుండా పదుల స్థానం ఒక్కటే చూడాలి. 996ను దగ్గరి పదికి సవరించమన్నా తడబడతారు. ఆ గీతల మీదే ఒక కొసన 990, మరో కొసన 1000 రాసి నిలబెడితే తేలిపోతుంది.

బజారుకు పిల్లల్ని తీసుకెళ్లండి. 499, 298, 105 రూపాయల వస్తువులు కొన్నారనుకోండి. ముందు అంకె ఒక్కటే చూసే పిల్ల 700 అంటుంది. ధర 499 అని రాసే దుకాణదారుకు కావలసింది కూడా అదే! సవరించే పిల్ల 500, 300, 100 కలిపి 900 అంటుంది. అసలు మొత్తం 902. బిల్లు అడుగున 'రౌండ్ ఆఫ్' అనే వరుస ఉంటే చూపించండి. 2011 జూన్ నెలాఖరుతో పావలా, అంతకన్నా చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి గనుక పైసలను ఎటో ఒకవైపు సర్దక తప్పదు. పిన్‌కోడు, ఫోను నంబరు, మందు మోతాదు మాత్రం సవరించే సంఖ్యలు కావని కూడా చెప్పాలి సుమా.

ఇళ్లలో వయసుల మీద కూడా సాధన చేయించవచ్చు. మా దగ్గరికొచ్చే ఒక చిన్నది తన నానమ్మ వయసు 75ను 80గా సవరించింది. లెక్క సరైనదే. ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు, తనది డెబ్బై పైచిలుకేనట.